వానాకాలంలో అమ్మతో, పిల్లలతో గోవా వెళ్లవచ్చా?

ప్రశ్న: మల్కాజిగిరి నివాసి

అందరికీ నమస్కారం. ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవం సెలవుకు ఇంకో మూడు రోజులు కలుపుకొని కుటుంబంతో సముద్రతీరానికి వెళ్లాలని అనుకుంటున్నాము. వెళ్లేది ఐదుగురం: నేను, నా భార్య, తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ. పిల్లలు సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు. అమ్మ పెళ్లయిన కొత్తలో మంగినపూడిలో కార్తీక పౌర్ణమి స్నానం చేసిందట, ఆ తరువాత ఆమెకూ మళ్లీ కుదరలేదు.

వానాకాలంలో గోవాలో గదులు సగం ధరకే దొరుకుతాయని మా కార్యాలయంలో ఒకరు ఆశ పెట్టారు. ఆ సగం ధర ఊరికే రాలేదని, బుద్ధిగా విశాఖ వెళ్లి రమ్మని మా బావమరిది అంటున్నాడు. అక్కడ వాన రోజంతా కురుస్తూనే ఉంటుందా, పిల్లలను నీళ్లలోకి దింపవచ్చా, మోకాళ్ల నొప్పులున్న అమ్మకు గదిలో కూర్చోవడమే పనవుతుందా, రైలులో వెళ్తే ఘాట్ దగ్గర ఇరుక్కుపోతామా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: పణజిలో నాలుగేళ్లు

మీ బావమరిది గారి మాటలో సగం నిజం ఉంది. మావారి బ్యాంకు ఉద్యోగం వల్ల మేము పణజిలో నాలుగు వానాకాలాలు గడిపి హైదరాబాదుకు తిరిగివచ్చాము కనుక, మిగతా సగం నేను చెబుతాను.

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, మరో వారానికి గోవా చేరతాయి. అరేబియా సముద్రం మీదుగా వచ్చే తడిగాలికి పడమటి కనుమలు అడ్డు నిలవడంతో మేఘంలోని నీరు చాలావరకు తీరం వైపే కురిసిపోతుంది. కొండలు దాటి మన వైపు వచ్చేసరికి దానిలో మిగిలేది కొద్దిగానే. అందుకే హైదరాబాదులో ఏడాది పొడుగునా పడేంత వాన గోవాలో ఒక్క జులైలోనే పడుతుంది. ఆగస్టు నడుమకు ఆ ఉధృతి తగ్గి, గంటసేపు కుండపోత, ఆ వెంటనే ఎండ, మళ్లీ ఒక జల్లు అన్నట్టు ఉంటుంది. అయితే బంగాళాఖాతంలో ఒడిశా దగ్గర అల్పపీడనం ఏర్పడిందని విన్నప్పుడు, అది అటు తీరం సంగతి కదా అని నిశ్చింతగా ఉండకండి. అది పడమటి గాలులకు బలమిచ్చి గోవాలోనూ రెండు మూడు రోజులు ముసురు పట్టిస్తుంది.

పిల్లలను నీళ్లలోకి దింపవద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడి తీరాల్లో ఎర్ర జెండాలు పాతి ఉంటాయి. ఎవరైనా దిగబోతే కాపలా సిబ్బంది ఈల వేసి వెనక్కి పిలుస్తారు. విరిగే అలల వరుస మధ్య ఒకచోట నీరు నురగ లేకుండా, నున్నగా, కాస్త మట్టి రంగులో కనిపిస్తుంది. తెలియనివారు అక్కడ అల లేదు కనుక పిల్లలకు అదే క్షేమమనుకుంటారు. నిజానికి ఒడ్డుకు వచ్చిన నీరంతా బలంగా లోపలికి తిరిగిపోయే దారి అదే. దానిలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా తీరం వెంట పక్కకు ఈదాలని పెద్దవారికి చెప్పవచ్చు, నాలుగేళ్ల పిల్లవాడికి ఏమని చెబుతాము?

గది విషయంలో మేము ఒకసారి బాగా మోసపోయాము. మా అత్తగారు వచ్చినప్పుడు, సముద్రం కనిపించే గది అని ఫొటోలు చూసి ఒకచోట ముందే డబ్బు కట్టాము. తీరా వెళ్లి తలుపు తీస్తే, వాన జల్లు లోపలికి కొట్టకుండా బాల్కనీకి పైనుంచి కింద దాకా నీలం టార్పాలిన్ బిగించి ఉంది. రెండు రోజులూ అది గాలికి టపటపా కొట్టుకుంటుంటే వింటూ, సముద్రం దాని వెనకాల ఉందని నమ్ముతూ గడిపాము. అందుచేత గది తీసుకునే ముందు ఫోను చేసి టార్పాలిన్ కట్టారా, కరెంటు పోతే జనరేటరు ఉందా, కింది అంతస్తు ఇస్తారా అని అడగండి. అమ్మగారికి హోటలు గది కన్నా వరండా ఉన్న పెంకుటిల్లు బాగుంటుంది. ఒడ్డున ఉండే పాకల హోటళ్లు ఆ నెలల్లో విప్పేస్తారు కనుక తిండికి ఊళ్లోకి రావలసిందే.

వాన తెరిపి ఇచ్చినప్పుడు ఫోండా వైపు మంగేశి, శాంతాదుర్గ ఆలయాలు, పాత గోవాలోని చర్చిలు చూడవచ్చు. పిల్లలకు మాత్రం మాండవి మీద రిబందర్ నుంచి చోరావ్ దీవికి వెళ్లే ఫెర్రీ ఎక్కించండి. ఆటోలు, స్కూటర్లు, మనుషులు అన్నీ కలిసి నది దాటడం మా పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు. శ్రావణంలో వెళ్తున్నారు కనుక శాకాహారానికి ఇబ్బంది ఉండదు, అక్కడి హిందువుల ఇళ్లలోనూ చాలామంది ఆ నెల చేపలు మానేస్తారు. మన జంధ్యాల పౌర్ణమి నాడే కొంకణ తీరంలో జాలరులు సముద్రానికి కొబ్బరికాయ సమర్పిస్తారు. ఆ రోజు తరువాతే కడలి శాంతిస్తుందని వారి లెక్క. సెలవులు కుదిరితే ఆ పౌర్ణమి దాటాక వెళ్లమనే నేనంటాను.

జవాబు: లాలాగూడ విశ్రాంత ఉద్యోగి

రైలు సంగతి నేను చెబుతాను. సికింద్రాబాదు నుంచి వాస్కో డ గామాకు 2024 అక్టోబరులో మొదలైన రైలు వారానికి రెండు రోజులే ఉంది కాబట్టి మీ నాలుగు రోజులను దాని రోజులకు సరిపెట్టుకోవాలి. వానాకాలంలో కొంకణ్ రైల్వే వేగాలు తగ్గించి వేరే వేళాపట్టిక నడుపుతుందని విని కొందరు భయపడతారు. మన బండి గుంతకల్లు, హుబ్బళ్లి, లోండా మీదుగా కనుమలు దిగుతుంది, కొంకణ్ మార్గంలో దానికి పెద్దగా పని లేదు. ఇబ్బంది వస్తే కాసిల్ రాక్ నుంచి కులెం దాకా ఉన్న సుమారు 26 కిలోమీటర్ల ఘాట్‌లోనే వస్తుంది. అక్కడ వాలు 37 అడుగులకు ఒక అడుగు. కొండచరియ జారిపడితే తొలగించేదాకా బండ్లు ఆగుతాయి.

దూద్‌సాగర్ జలపాతం ఆ ఘాట్‌లోనే, పట్టాల పక్కనే ఉంది. ఎత్తు 310 మీటర్లు. ప్రస్తుత వేళల ప్రకారం వెళ్లేటప్పుడు మన బండి తెల్లవారకముందే దానిని దాటిపోతుంది, తిరుగు ప్రయాణంలో పగటిపూట వస్తుంది. కనుక పిల్లలకు తిరిగివచ్చేటప్పుడు చూపిస్తానని చెప్పండి. అక్కడ బండి దిగి పట్టాల వెంట నడవడం నేరం, ఆ పని కుర్రకారు చేసి కేసులు తెచ్చుకుంటున్నారు.

రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, మునుపటిలా 120 రోజులు కాదు. బండి మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే, బండి కదలకముందే ఆన్‌లైనులో టీడీఆర్ (టికెట్టు డబ్బు వాపసు కోరే దరఖాస్తు) దాఖలు చేస్తే డబ్బు పూర్తిగా తిరిగివస్తుంది. విమానంలో వెళ్లేటట్లయితే గోవాలో రెండు విమానాశ్రయాలు ఉన్నాయని మరవకండి. దక్షిణ గోవాలో గది తీసుకొని ఉత్తరాన ఉన్న మోపాలో దిగితే, వానలో ఆ రోడ్డు మీదే ఒక పూట పోతుంది.

జవాబు: విశాఖ ఆడపడుచు

గోవా ముచ్చట్లు విన్నాక మా ఊరి తరఫున మాట్లాడకపోతే బాగుండదు. ఆగస్టులో విశాఖలో వాన గోవాతో పోలిస్తే చాలా తక్కువ. ఉక్కపోత ఉంటుంది, సాయంత్రం జల్లు పడుతుంది, అంతే. మా వైపు తుపానుల భయం ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. హుద్‌హుద్ వచ్చింది కూడా 2014 అక్టోబరు 12న. వందే భారత్ సికింద్రాబాదు నుంచి ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది, ఘాట్ గొడవ లేదు. అయితే అన్ని గంటలూ కూర్చునే ఉండాలి, కాబట్టి అమ్మగారి మోకాళ్లను బట్టి రాత్రి రైలులో కింది బెర్తే మేలేమో చూడండి.

అలాగని మా సముద్రం సాధువు అనుకోవద్దు. ఆర్‌కే బీచ్‌లో ఒడ్డు దగ్గరే లోతు, లాగుడు ఎక్కువ, ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. అక్కడ కూడా ఒడ్డున నిలబడి పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టుకోవాలి. వాన పడితే అక్కడే టీయూ-142 విమాన ప్రదర్శనశాల, కుర్సుర జలాంతర్గామి ఉన్నాయి. జలాంతర్గామిలో గదికి గదికి మధ్య ద్వారాలు ఇరుకు కనుక పిల్లలతో ఒకరు లోపలికి వెళ్లి, మరొకరు అమ్మగారితో బయట కూర్చోవాలి. అరకు పచ్చగా ఉంటుంది కానీ వలిసె పూలు అప్పటికి పూయవు, బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కువ. అమ్మగారు ఉన్నారు కనుక బొర్రా వదిలేసి సింహాచలం వెళ్లండి.

మీరు ఎటు వెళ్లినా ఒక పని చేయండి. భారత తీరమంతటికీ అలల ఎత్తు అంచనా వేసి హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ఎక్కడో తీరంలో లేదు, సముద్రం లేని మన హైదరాబాదులో, ప్రగతినగర్‌లోనే ఉంది. బయలుదేరే ముందు ఆ సూచనలు, వాతావరణ శాఖ ఇచ్చే హెచ్చరిక రంగులు రెండూ చూడండి. 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లకు మించి వాన పడవచ్చనుకున్నప్పుడు ఎరుపు ఇస్తారు. ఆ రంగు కనిపిస్తే టికెట్టు డబ్బులకు ఆశపడకుండా ఇంట్లో ఉండండి.

జవాబు: పిల్లల ఆసుపత్రి నర్సు

ఒక చిన్న మాట. నిలిచిన వాననీటిలో పిల్లలను చెప్పులు లేకుండా తిరగనివ్వకండి. ఎలుకల మూత్రం కలిసిన నీరు కాలి పగుళ్ల గుండా, చిన్న గాయాల గుండా లోపలికి చేరితే లెప్టోస్పైరోసిస్ వస్తుంది, పడమటి తీరంలో వానాకాలంలో అది మామూలే. తిరిగివచ్చాక రెండు మూడు వారాల లోపు జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లివచ్చారో వైద్యుడికి తప్పక చెప్పండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు, అమ్మగారి మందులు రెండు వేరు వేరు సంచుల్లో పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు: మల్కాజిగిరి నివాసి

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. నీళ్లలోకి దిగవద్దన్నారని పిల్లలు చిన్నబుచ్చుకున్నారు గానీ, అమ్మ మాత్రం "దిగేదేముంది, నేను చూడటానికేగా వస్తున్నది" అని తేల్చేసింది. జలపాతం మాట విన్న దగ్గర నుంచి అమ్మాయి రైలు తప్ప మరొకటి ఒప్పుకోవడం లేదు. అందుకని గోవాకే, రైలులోనే వెళ్దామనుకుంటున్నాము. పంద్రాగస్టు రద్దీ వదిలేసి, బడిలో రెండు రోజులు సెలవడిగి పౌర్ణమి తరువాతి వారానికి మార్చాను. అప్పటికి అల్పపీడనం ఏదైనా ఉంటే టికెట్లు రద్దు చేసి విశాఖ సంగతి చూస్తాను.

ఈ ఉదయం దక్షిణ గోవాలో మూడు ఇళ్లకు ఫోను చేశాను. ఇద్దరు టార్పాలిన్ సంగతి అడగగానే మాట మార్చారు. మూడో ఇంటామె, సముద్రం వైపు కట్టాము, తెరిపి ఇచ్చినప్పుడల్లా తాడు విప్పి పైకి చుట్టేస్తాము, వరండాలో వాలు కుర్చీ కూడా ఉంది అని చెప్పింది. ఆమెకే అడ్వాన్సు పంపాను.