ఇంగ్లండ్ ప్రొబేట్‌తో హైదరాబాద్ ఫ్లాట్ బదిలీ: సాక్షి సంగతేంటి?

వీలునామా లండన్‌లో రాసింది. ప్రొబేట్ (వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) కూడా అక్కడే వచ్చింది. అసలు కాగితం అక్కడి రిజిస్ట్రీలోనే ఉండిపోతుంది, చేతికొచ్చేది సీలు వేసిన నకలే. ఆస్తిలో హైదరాబాద్ ఫ్లాట్ ఒకటుంది. భారత వారసత్వ చట్టం 1925, సెక్షన్ 228 కింద ధ్రువీకరించిన నకలు పెట్టి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (చనిపోయినవారి ఆస్తి వ్యవహారం చూసే అధికారమిచ్చే కోర్టు పత్రం) అడగొచ్చు, ఇంతవరకు సరే. చిక్కల్లా సాక్ష్యం దగ్గరే. ఇంగ్లండ్‌లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే సాక్షుల్ని మామూలుగా పిలవరు. ఇక్కడ ఒక వారసురాలు అడ్డం తిరిగారు. మరి అదే చట్టం సెక్షన్ 63 (వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలనేది) ప్రకారం సంతకాలు మళ్లీ రుజువు చేయాలా? ఒక సాక్షి చనిపోయారు, రెండో ఆయన లీసెస్టర్‌లో, వయసు 84. సిటీ సివిల్ కోర్టు వీడియోలో విచారణకు ఒప్పుకుంటుందా, కమిషన్ (కోర్టు నియమించినవారు సాక్షి దగ్గరే సాక్ష్యం తీసుకోవడం) వేయించాలా? నకలుకి అపోస్టిల్ (విదేశంలో చెల్లేలా పత్రానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) కూడా అడుగుతున్నారా? ఈ మధ్య ఇలాంటి ఓపీ (ఒరిజినల్ పిటిషన్) నడిపిన న్యాయవాదులు ఎవరైనా ఉంటే చెప్పండి.