బ్రయన్ మే టోన్ కోసం ముందు ఏది మార్చాలి?

బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ గిటారిస్టు బ్రయన్ మే సౌండ్ మీద నాకు ఎప్పటినుంచో పిచ్చి. 1963లో వాళ్ళ నాన్నతో కలిసి ఇంట్లో చేయడం మొదలుపెట్టిన రెడ్ స్పెషల్ గిటారునే ఆయన ఇప్పటికీ వాయిస్తున్నారు. మెడకి పాత ఫైర్‌ప్లేస్ చెక్క, స్వరాన్ని వణికించే ట్రెమోలో కడ్డీ కొనకి అల్లిక సూది ముక్క, పిక్కుకి బదులు ఆరు పెన్నీల నాణెం! స్టేజి మీద వాక్స్ ఏసీ30 ఆంప్లిఫయర్లు, వాటికి ముందు ట్రెబుల్ బూస్టర్ (పదునైన పై స్వరాలను పెంచే చిన్న పెట్టె). ఆంప్ వాల్యూమ్ పూర్తిగా పెట్టేసి, గిటారు నాబ్‌తోనే సౌండ్ శుభ్రంగానో గరగరగానో మార్చుకుంటారు. స్టూడియోలో అయితే, ఎవరో పారేసిన సర్క్యూట్ బోర్డుతో క్వీన్ బేస్ గిటారిస్టు జాన్ డీకన్ చేసిన బుల్లి ఆంప్ కూడా వాడారు.

నా దగ్గర ఉన్నవి స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు) కాపీ, 15 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్. మొన్న ట్రెబుల్ బూస్టర్ కొని తగిలించాను. రేకు డబ్బా మీద గీకినట్టుంది. మా ఆవిడ వచ్చి "ఏమైనా పగిలిందా?" అని అడిగింది.

తప్పు ఆంప్‌దేనా? ఉండేది ఫ్లాట్‌లో, ఏసీ30 పెడితే కింద వాళ్ళు ఊరుకోరు. ఏసీ30 లాగే ట్యూబులతో పనిచేసే, తక్కువ వాట్ల ఆంప్‌తో పని జరుగుతుందా? రెడ్ స్పెషల్‌లో పికప్‌లు (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగాలు) సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి, స్ట్రాట్‌లో పారలల్, అంటే పక్కపక్కన. ముందు వైరింగ్ మార్పిస్తే తేడా తెలుస్తుందా? చేసి చూసినవాళ్ళు చెప్పండి. బడ్జెట్ ఒక్కదానికే ఉంది.