క్యాంపస్ కాంట్రాక్టు కార్మికుల పోరాటంలో విద్యార్థి సంఘాలు ముందుండాలా, వెనకుండాలా?

తార్నాక_గేటు:
వెనకే ఉండాలి. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా బయటికి పంపిన విద్యార్థులను నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పనిలోంచి తీసేసిన స్వీపరమ్మకు ఏ నాగపూర్ ఉంది? పైగా మన క్యాంపస్ ఉద్యమాలు ఎక్కువగా రాబోయే ఉద్యోగం కోసం జరిగినవి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నిప్పు రాజుకుందే పాల్వంచ దగ్గర థర్మల్ కేంద్రం ఉద్యోగాలు స్థానికులకు దక్కట్లేదని. మెస్ వర్కర్ జీతం ఆ డిమాండ్లలో లేదు.

లేబర్_ఫైల్:
సగం చరిత్రే చెప్పారు. అదే 1969 జూన్‌లో ఎన్జీవోలు (నాన్ గెజిటెడ్ ప్రభుత్వ ఉద్యోగులు) సమ్మెకు దిగారు. తెలంగాణ కోసం 2011లో జరిగిన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచిందంటే సింగరేణి, ఆర్టీసీ కార్మికులు కలిసొచ్చినందుకే. అప్పుడు కార్మికులు మనకోసం నిలబడ్డారు కదా, ఇప్పుడు మన వంతు రాదా?

ఇక పని సంగతి. ముందు ధర్నా కాదు, కాగితాలు. ఆర్టీఐ ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. వర్క్ ఆర్డరు (కాంట్రాక్టరుకు పని అప్పగించిన పత్రం), ఆరు నెలల జీతాల రిజిస్టరు, పీఎఫ్ చలానా యూనివర్సిటీని అడగండి. 'థర్డ్ పార్టీ సమాచారం', అంటే వేరేవాళ్ల వివరాలు, ఇవ్వం అని తిప్పికొట్టడం మామూలే. పేర్లు, ఖాతా నంబర్లు కొట్టేసి ఇవ్వమని దరఖాస్తులోనే రాస్తే ఆ సాకు చాలావరకు పోతుంది. తర్వాత కార్మికుల యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్కులతో నెలనెలా సరిపోల్చాలి. జీతంలో 12 శాతం కోసి జమ చేయకపోతే అక్కడే బయటపడుతుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే కట్టాల్సింది యూనివర్సిటీయే. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలో సెక్షన్ 21(4) అదే చెప్పింది, దాని స్థానంలో వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో (వృత్తి భద్రత, ఆరోగ్యం కోడ్) 55వ సెక్షనూ అదే. రిజిస్ట్రార్‌కు ఇచ్చే వినతిలో ఈ ముక్క రాయకుండా 'న్యాయం చేయండి' అంటే ఫైలు కదలదు.

మెస్_బిల్లు:
అసలు చిక్కు ఎవరూ ఎత్తట్లేదు. డివైడింగ్ మెస్‌లో (నెల ఖర్చును తినేవాళ్లంతా పంచుకునే మెస్) వర్కర్ల జీతం విద్యార్థుల బిల్లులోంచే పోతుంది, అంటే యజమాని మీరే! 300 మంది తినే మెస్, 12 మంది వర్కర్లు, తలా 2,000 పెంపు అనుకోండి. 24,000. పెంచాక కూడా జీతం 15 వేల లోపే ఉంటే యజమాని వాటా పీఎఫ్ 13, ఈఎస్ఐ 3.25 శాతం కలిపి 27,900. తలకు నెలకు 93 రూపాయలు. ఈ లెక్క హాస్టల్ జనరల్ బాడీలో ముందే పెట్టకపోతే, సంఘీభావం పోస్టర్ అంటించినవాళ్లే బిల్లు చూసి గొడవకొస్తారు.

తార్నాక_గేటు:
లెక్క బాగుంది. కానీ టెండరు మారినప్పుడు? కొత్త కాంట్రాక్టరు వస్తూనే మైకు పట్టుకున్నవాళ్ల పేర్లు జాబితాలోంచి లేపేస్తాడు. స్టూడెంట్ లీడర్ అప్పటికి పీహెచ్‌డీ సబ్మిట్ చేసి వెళ్లిపోయి ఉంటాడు.

లేబర్_ఫైల్:
అందుకే డిమాండు టెండరు నోటిఫికేషన్‌కు ముందే పెట్టాలి: పాతవాళ్లనే కొనసాగించాలన్న షరతు టెండరు పత్రంలోనే ఉండాలి. వర్క్ ఆర్డరు ఇచ్చాక అరిస్తే 'మా చేతుల్లో లేదు' అంటారు. పర్మినెంట్ చేయిస్తామని మాత్రం మాటివ్వకండి. సుప్రీంకోర్టు ఇచ్చిన 2001 సెయిల్ తీర్పు, 2006 ఉమాదేవి తీర్పు ఆ దారి బాగా ఇరుకు చేశాయి. సమాన పనికి సమాన వేతనం అడగడానికి 2016 జగ్జీత్ సింగ్ తీర్పు కొంత పనికొస్తుంది, అదీ కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్లకు నేరుగా వర్తించదు.

ఇంకొకటి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్లు అమల్లోకొచ్చాయి. నోటీసిచ్చి 14 రోజులు ఆగకుండా సమ్మె చేస్తే అక్రమం. సగం మంది ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. విద్యార్థులు ఆవేశంగా 'రేపే బంద్' అని ప్రకటిస్తే కేసు పడేది కార్మికుల మీద.

తార్నాక_గేటు:
నేను మొదట్నుంచీ అంటున్నదీ అదే. తేదీ కార్మికులే పెట్టాలి. సెలవుల్లో పెడితే ఎవరికీ పట్టదు, పరీక్షల వారంలో పెడితే విద్యార్థులే ఎదురు తిరుగుతారు. అడ్మిషన్ల నెల చూసుకోమనండి.