ఎం బ్యాండ్ వచ్చింది కదా, పి16 జీన్ ఆగిపోయిందని రాసేయొచ్చా?

ప్రశ్న: ఓరల్‌పాథ్_పీజీ

అందరికీ నమస్కారం. ఓరల్ పాథాలజీ పీజీ, రెండో సంవత్సరం. నా థీసిస్ అమెలోబ్లాస్టోమా (దవడలో వచ్చే ఒక ట్యూమర్) మీద. పాత పారఫిన్ బ్లాకులు (మైనంలో దాచిన ట్యూమర్ ముక్కలు) 14 తీసి, కణ విభజనకు బ్రేకు వేసే పి16 జీన్ ప్రమోటర్‌లో (జీన్ పని మొదలయ్యే చోట) మిథైలేషన్, అంటే డీఎన్‌ఏకి మిథైల్ గుర్తు అంటడం, ఉందా అని ఎమ్‌ఎస్‌పీ (ఆ గుర్తును పట్టే పీసీఆర్) చేశాను. డీఎన్‌ఏ తీయడం దగ్గర్నుంచి బైసల్ఫైట్ కన్వర్షన్, పీసీఆర్, జెల్ వరకు అంతా నా చేతులతోనే. తొమ్మిదింటిలో ఎం బ్యాండ్ (మిథైలేట్ అయిన కాపీల గీత) వచ్చింది. యూవీ వెలుతురులో ఆ గీతలు మెరుస్తుంటే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

వచ్చిన చిక్కేమిటంటే, ఆ తొమ్మిదింటిలోనూ యు బ్యాండ్ (మిథైల్ లేని కాపీల గీత) కూడా ఉంది. పైగా అవే బ్లాకులకు పి16 ఐహెచ్‌సీ (ప్రోటీన్ ఉన్నచోట రంగు పట్టించే పరీక్ష) చేస్తే ఆరింటిలో ట్యూమర్ కణాలకు గోధుమ రంగు బాగా పట్టింది. ట్యూమర్ కణాల ద్వీపాల అంచున వరుసగా నిలబడే పొడుగాటి కణాల్లో న్యూక్లియస్‌కి కూడా పట్టింది. జీన్ మూతపడితే ప్రోటీన్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

గైడ్ గారిని అడిగితే, "మిథైలేషన్ ఉంది కాబట్టి సైలెన్సింగ్ జరిగిందని రాసెయ్యమ్మా" అన్నారు. రాయబోతే చెయ్యి రావడం లేదు. మీలో ఎవరైనా ఈ పని చేసినవాళ్లుంటే చెప్పండి, నాకు కనిపిస్తున్నదేంటి?

జవాబు: బైసల్ఫైట్_బల్ల

చెయ్యి రాకపోవడమే మంచిదైంది అమ్మా. ప్రమోటర్‌లో మిథైల్ గుర్తు కనబడటం ఒకటి, జీన్ పని మానేయడం ఇంకొకటి. మొదటిదాన్ని చూసి రెండోది రాసేయడం మన దవడ ట్యూమర్ల పేపర్లలో చాలాచోట్ల కనిపిస్తుంది. నన్ను అది నిజంగా బాధపెడుతుంది.

ప్రమోటర్‌లో డీఎన్‌ఏ అక్షరాల్లో సీ పక్కన జీ వచ్చే జాగాలు గుంపులుగా ఉంటాయి. ఆ సీలకు మిథైల్ అంటుకుంటూ పోతే, దాన్ని గుర్తుపట్టే ప్రోటీన్లు వచ్చి పట్టుకుంటాయి. అవి హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్ల) మీది అసిటైల్‌ని తీసేసే ఎంజైమ్‌లను వెంట తెచ్చుకుంటాయి, క్రోమాటిన్ (ఆ డీఎన్‌ఏ, ప్రోటీన్ల చుట్ట) దగ్గరగా ముడుచుకుంటుంది, ఆర్‌ఎన్‌ఏ తయారీ ఆగుతుంది. అక్షరం ఒక్కటీ చెరగదు, పేజీ మాత్రం తెరుచుకోదు. ఇదంతా జరగాలంటే చాలా జాగాల్లో గుర్తు పడాలి, అదీ ట్యూమర్ కణాల్లోనే పడాలి. ఎమ్‌ఎస్‌పీ చూసేది ప్రైమర్ (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) కూర్చునే కొన్ని జాగాలనే. 1996లో ఈ పద్ధతి వచ్చినప్పుడే, వెయ్యి కాపీల్లో ఒకటి మిథైలేట్ అయినా పట్టుకోగలదని చూపించారు. ఆ పదును వల్లే మనం మోసపోతాం. బ్యాండ్ వచ్చిందంటే ఎక్కడో కొన్ని కాపీలున్నాయని మాత్రమే.

నువ్వు బ్లాకు మొత్తం కోసి డీఎన్‌ఏ తీశావనుకుంటున్నాను. అమెలోబ్లాస్టోమాలో ఎపిథీలియం ద్వీపాల చుట్టూ ఎంత స్ట్రోమా (ఆధార కణజాలం) ఉంటుందో నీకు తెలుసు. ఫైబ్రోబ్లాస్ట్‌లు, రక్తనాళాలు, లింఫోసైట్లు అన్నీ అదే ట్యూబులోకి వచ్చాయి. యు బ్యాండ్ వాటిదే కావచ్చు. ట్యూమర్‌లోనే ఒక అల్లీల్ (జీన్ రెండు కాపీల్లో ఒకటి) మూతపడి ఇంకొకటి పనిచేస్తూ ఉండొచ్చు కూడా, అప్పుడు రంగు పట్టడం వింతేమీ కాదు.

ఇంకో అనుమానం కన్వర్షన్ మీద. మిథైల్ లేని సీ బైసల్ఫైట్‌లో యూగా మారాలి. మారకుండా మిగిలిపోతే పీసీఆర్ దాన్ని మిథైలేటెడ్ సీ అనుకుంటుంది, దొంగ ఎం బ్యాండ్ వస్తుంది. నేను మొదట్లో నాలుగు నెలలు ఇలాగే పోగొట్టుకున్నాను. ఏ నమూనా పెట్టినా ఎం వస్తుంటే సంబరపడ్డాను. ఒక రోజు ఆరోగ్యంగా ఉన్న మనిషి లింఫోసైట్ డీఎన్‌ఏ పెట్టి చూస్తే దాంట్లోనూ ఎం! బైసల్ఫైట్ ద్రావణం గాలి తగిలి పాడైంది. ఆ నోట్‌బుక్ పేజీలు ఇప్పటికీ దాచుకున్నాను.

నీ జెల్‌లో ఏయే కంట్రోల్స్ పెట్టావు? ఎస్ఎస్ఎస్-వన్ ఎంజైమ్‌తో మిథైలేట్ చేసిన డీఎన్‌ఏ, లింఫోసైట్ డీఎన్‌ఏ, అసలు కన్వర్ట్ చేయని డీఎన్‌ఏ, నీళ్లు. ఈ నాలుగూ లేకపోతే ముందు వాటితో మళ్లీ నడుపు. వీటితోపాటు ట్యూమర్ కాని కణజాలం కూడా కావాలి, బయటికి రాని జ్ఞానదంతం చుట్టూ ఉండే ఫాలికల్ లాంటిది.

పి16 రంగు గురించి ఒక జాగ్రత్త. ఆర్‌బీ (పి16 ఏ ప్రోటీన్ ద్వారా బ్రేకు వేస్తుందో అది) దెబ్బతింటే పి16 పెరుగుతుంది. కాబట్టి రంగు పట్టినంత మాత్రాన కణ విభజనకు వేసే బ్రేకు బాగా పనిచేస్తోందని కాదు. అలాగే రంగు పట్టని బ్లాకుల్లో కూడా మిథైలేషనే కారణమని చెప్పలేం, జీన్ డిలీట్ అయినా రంగు రాదు.

జవాబు: దవడ_సర్జన్

ఆ బ్లాకుల్లో డీకాల్సిఫికేషన్ (ఎముకలోని కాల్షియం కరిగించడం) చేసినవి ఎన్ని, డాక్టర్? రిజిస్టర్ చూడండి. రిసెక్షన్ ముక్కల్లో (ఆపరేషన్‌లో కోసి తీసిన దవడ భాగాల్లో) ఎముక ఉంటుంది, తొందర కోసం నైట్రిక్ యాసిడ్‌లో వేస్తారు. దాంతో డీఎన్‌ఏ తునాతునకలు అవుతుంది. ఈడీటీఏలో (కాల్షియంని మెల్లగా లాగే రసాయనంలో) వేస్తే చాలా రోజులు పడుతుంది కానీ డీఎన్‌ఏ దక్కుతుంది.

ఇంకొకటి, దయచేసి థీసిస్ చివర "చికిత్సకు కొత్త దారి" అని రాయకండి. ఆపరేషన్ గదిలో ఇవాళ నేను చూసేది ట్యూమర్ అంచు దాటి ఎంత మంచి ఎముక తీయాలన్నదే, మామూలుగా 1 నుంచి 2 సెంటీమీటర్లు. గీకి వదిలేసిన కేసులు తిరిగి రావడం కళ్లారా చూసినవాణ్ణి. 2014లో ఈ ట్యూమర్‌లో బయటపడ్డ బీరాఫ్ జీన్ వీ600ఈ మ్యుటేషన్‌కైతే మందులున్నాయి, కొందరికి ఇచ్చారు కూడా. మిథైలేషన్ అక్కడిదాకా రాలేదు.

జవాబు: సెల్‌లైన్_పిల్లాడు

ఏఎమ్-1 కణాలకు (ల్యాబ్‌లో పెంచే అమెలోబ్లాస్టోమా కణాలకు) డెసిటబైన్ (మిథైల్ గుర్తు చెరిపే మందు) ఇచ్చి చూస్తే తేలిపోదా అక్కా? మిథైల్ పోయాక పి16 తిరిగి వస్తే సైలెన్సింగ్ అన్నట్టే కదా.

జవాబు: బైసల్ఫైట్_బల్ల

ఆలోచన సరైనదే బాబూ. మందుతో గుర్తు చెరిపి జీన్ మేలుకుందా అని చూడటం గట్టి సాక్ష్యం. కానీ ఏఎమ్-1ని హెచ్‌పీవీ-16 వైరస్ డీఎన్‌ఏ పెట్టి బతికించారు. ఆ వైరస్ ఈ7 ప్రోటీన్ ఆర్‌బీని పట్టేస్తుంది. పి16 ప్రశ్నకు ఆ కణాలు సరిపోవు.

సర్జన్ గారి మాట చాలా ముఖ్యం. యాసిడ్ తిన్న బ్లాకులో పనికొచ్చే కాపీలు కొద్దిగానే మిగులుతాయి. అక్కడ ఏ కాపీ ముందు పెరిగితే ఆ బ్యాండే కనిపిస్తుంది. ఒకే డీఎన్‌ఏని మూడుసార్లు నడిపి చూడు, మూడు రకాలుగా వస్తే ఆ బ్లాకు పక్కన పెట్టెయ్.

తిరిగి: ఓరల్‌పాథ్_పీజీ

మూడు వారాలైంది, ఆలస్యానికి క్షమించండి. రిజిస్టర్ చూశాను, 14లో ఐదు యాసిడ్‌లో వేసినవి. వాటిని తీసేశాను. కంట్రోల్స్ అన్నీ పెట్టి, కొత్త బైసల్ఫైట్‌తో మళ్లీ కన్వర్ట్ చేశాను. లింఫోసైట్ డీఎన్‌ఏలో ఇప్పుడు ఎం రావడం లేదు. పాత ద్రావణంతో వచ్చింది మేడమ్, మీకు జరిగినట్టే. ఆ రాత్రి ఏడ్చాను.

మిగిలిన తొమ్మిది బ్లాకుల నుంచి 10 మైక్రాన్ల సెక్షన్లు కోసి, మైక్రోస్కోప్ కింద సూదితో ఎపిథీలియం ద్వీపాలను మాత్రమే గీకి తీశాను. ఒక్కో స్లైడుకి రెండు గంటలు. ఎం బ్యాండ్ రెండింటిలో మిగిలింది. అందులో ఒకదానికి ఐహెచ్‌సీలో రంగు అసలు లేదు. స్ట్రోమా కణాలకు అక్కడక్కడా ఉంది, ద్వీపాలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

గైడ్ గారికి స్లైడ్లన్నీ చూపించాను. చాలాసేపు చూసి, "సరే, ఈ ఒక్కదానికి డిలీషన్ కాదని తేల్చు, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఫాలికల్స్ నాలుగు దొరికాయి, వాటి ఎపిథీలియం మరీ కొంచెమే ఉంది. రేపు వాటిని గీకడం మొదలుపెడుతున్నాను.