పాయకాపురంలో ఇల్లు కొనాలనుకుంటున్నాం, బుడమేరు వాగు సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

కొత్త బెజవాడోడు:

అందరికీ నమస్కారం. పదకొండేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేశాక, అమ్మా నాన్నల దగ్గరికి బెజవాడ వచ్చేద్దామనుకుంటున్నాం. పాయకాపురంలో ఒక డాబా ఇల్లు చూశాం, కిందా పైనా రెండు పోర్షన్లు. 2024 వరదలో మునిగిందని ఓనరే చెప్పాడు. ఎంత ఎత్తున అంటే మాత్రం "ఏదో మోకాళ్ల దాకా" అన్నాడు. బ్రోకరేమో "అది వందేళ్లకోసారి వచ్చే వరదండీ, మీ మనవలు కూడా ఇంకోటి చూడరు" అంటున్నాడు. నిజమేనా? అంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా? ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు చెబితే ఇంకా మంచిది. రేటు చూస్తే ఆశ, మబ్బు పడితే టెన్షన్. అలా ఉంది మా పరిస్థితి.

లస్కరు గారబ్బాయి:

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలువలు, గేట్లు చూసుకునే పనిలో చేసి రిటైరయ్యారు. బుడమేరు పేరు వింటూ పెరిగినవాణ్ణి. వందేళ్ల లెక్క తప్పండీ. 2005లోనూ మీ పాయకాపురం దగ్గరి సింగ్‌నగర్ మునిగింది. మీ బ్రోకరుకి ఇరవై ఏళ్లు కూడా గుర్తుండవేమో.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది. మధ్యలో వెలగలేరు దగ్గర రెగ్యులేటర్, అంటే నీళ్లు ఆపి వదిలే గేట్ల కట్టడం ఉంది. మామూలుగా అక్కడ నీళ్లు ఆపి డైవర్షన్ కాలువలోకి మళ్లిస్తారు. ఆ కాలువ వెళ్లి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో పడుతుంది. అది పట్టేది పదిహేను వేల క్యూసెక్కులు. 2024లో వచ్చింది దానికి రెండింతల పైనే. సరిగ్గా అప్పుడే కృష్ణ కూడా పోటెత్తింది. నది నిండుగా ఉంటే కాలువ నీళ్లు అందులోకి దిగవు, వెనక్కి తన్నుతాయి. కాలువ ఎడమ గట్టుకి మూడు గండ్లు పడ్డాయి, వెలగలేరు గేట్లూ ఎత్తారు. ఆ నీళ్లన్నీ పాత బుడమేరు దారి పట్టి ఊరి మీద పడ్డాయి. ఊళ్లోకి వచ్చేసరికి ఆ దారి ఎంత సన్నబడిందో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కి మీరే చూడండి. గండ్లు పూడ్చడానికి ఆర్మీని కూడా పిలవాల్సి వచ్చింది. మూడోది పూడేసరికి సెప్టెంబర్ 7, వినాయక చవితి.

కృష్ణలంక:

మాది కృష్ణ ఒడ్డున కృష్ణలంక, మా భయం నదితో. 2009 అక్టోబర్‌లో బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు. అంతకు మించి రాదనుకున్నాం. 2024లో 11.43 లక్షలు వచ్చింది, పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లను ఎత్తడానికి తోడుండే బరువు దిమ్మలను (కౌంటర్ వెయిట్లు) గుద్దాయి. ఈసారి నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ మమ్మల్ని చాలావరకు కాపాడింది. అయినా కృష్ణమ్మ చెప్పి వస్తుందండీ. ఎగువన సాగర్ డ్యాంలో ఎన్ని గేట్లు ఎత్తారు, పులిచింతల డ్యాంకి ఎంత వస్తోంది అని టీవీలో చూసుకుంటూ సామాన్లు సర్దుకుంటాం. బుడమేరు అలా కాదు.

కుట్టుమిషన్ అక్క:

నేను సింగ్‌నగర్‌లో పంతొమ్మిదేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ముందు గదిలో షాపు, వెనక గదిలో కాపురం. అద్దె ఇల్లే, కింద పోర్షన్. 2005 నీళ్లు నేను చూడలేదు, ఆ తర్వాతేడాది వచ్చాను. అప్పట్లో పక్కింటి మామ్మగారు "ఇక్కడిదాకా వచ్చాయమ్మా" అని గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తే, పెద్దావిడ కదా, కాస్త కలిపి చెబుతోందనుకున్నాను.

2024 ఆగస్టు 31, శనివారం రోజంతా వాన. మొగల్రాజపురంలో కొండచరియలు పడి మనుషులు పోయారని ఫోన్లో చూసి, మనం కొండ మీద లేం, నయం అనుకుంటూ పడుకున్నాను. ఆదివారం తెల్లారేసరికి నీళ్లు. వీధిలోంచి కాదండీ, ముందు బాత్రూం తూములోంచి వచ్చాయి. నల్లగా, బుడబుడమంటూ. గోనె సంచి కుక్కి పైన రుబ్బురోలు పొత్రం పెట్టాను. పావుగంటలో గుమ్మంలోంచి కూడా వచ్చేశాయి.

నావి మూడు మిషన్లు. జిగ్‌జాగ్‌ది ఖరీదైంది, దాన్ని కటింగ్ బల్ల మీదకి ఎక్కించాం. చెక్క బల్ల నీళ్లలో తేలుతుందని మాకెవరికీ తట్టలేదు. నడుం లోతు వచ్చేసరికి బల్ల లేచి మెల్లగా ఒక పక్కకి ఒరిగింది, మిషన్ మోటారుతో సహా జారి మునిగిపోయింది. పెద్ద చప్పుడు కూడా లేదు. నేను అటే చూస్తూ నిలబడితే మా ఆయన రెక్క పట్టుకుని మెట్ల మీదకి లాక్కెళ్లాడు.

ఓనర్ వాళ్ల డాబా మీద పద్నాలుగు మందిమి. మూడు రాత్రులు కరెంటు లేదు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు. రెండో రోజు డ్రోన్ వచ్చి పులిహోర పొట్లాలు దించితే పిల్లలు ఆకలి మర్చిపోయి చప్పట్లు కొట్టారు. పడవలు ఫ్లైఓవర్ దగ్గర్నుంచి బయల్దేరేవి, మా సందు దాకా వచ్చేసరికి నిండిపోయేవి. నాలుగో రోజు మాకు చోటు దొరికింది.

తిరిగొచ్చాక అసలు ఏడుపు. ఫైరింజన్ వచ్చి వీధి కడిగింది, ఇల్లు మేమే కడుక్కున్నాం. బీరువా తలుపు ఉబ్బి రాలేదు, గునపంతో తీశాం. లోపల ఒకరి పెళ్లి పట్టుచీర, మీగడ రంగుది. జాకెట్ కోసం ఇచ్చి వెళ్లారు. మెరూన్ అంచు రంగంతా చీరలోకి దిగిపోయింది. ఆవిడకి ఫోన్ చెయ్యడానికి రెండు రోజులు పట్టింది నాకు. "మీరు బతికి బయటపడ్డారు కదమ్మా" అంది. ఆ చీర డబ్బు తీసుకోనంది గానీ, ఆ తర్వాత జాకెట్లు కుట్టించుకోవడానికి రాలేదు.

గవర్నమెంట్ కింద పోర్షన్‌కి 25 వేలు, పైన ఉన్నవాళ్లకి 10 వేలు అని ప్రకటించింది. రాసుకోవడానికి వచ్చినవాళ్లు మా ఇంటికి తాళం ఉందని ఒకసారి వెళ్లిపోయారు. పట్టుకుని రాయించుకునేసరికి దసరా వచ్చింది. ఆ డబ్బు మిషన్ల రిపేరుకి చాలలేదు.

మీకు చెప్పేదొకటే. ఓనర్ మాట వద్దు, గోడ మాట వినండి. గదులన్నిటికీ కొత్త రంగేసి ఉంటారు. మెట్ల కింద ఎవరూ వెయ్యరు. టార్చి పెట్టి చూడండి.

కొత్త బెజవాడోడు:

అక్కా, నిన్న సాయంత్రం వెళ్లి చూశాను. మెట్ల కింద గీత ఉంది. నా భుజం దాకా. నేను ఐదడుగుల ఎనిమిదంగుళాలు. ఓనర్‌ని పిలిచి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. రాత్రికి బ్రోకర్ ఫోన్ చేసి మూడు లక్షలు తగ్గిస్తామన్నాడు. మా ఆవిడ, మనం పైన ఉండి కింద అద్దెకిద్దాం అంటోంది. నీళ్లొచ్చినా మన సామాను తడవదు కదా అని.

కుట్టుమిషన్ అక్క:

పైనే ఉండండి, మంచిదే. అమ్మా నాన్నలకి మెట్లు ఎక్కడం కష్టమేమో చూసుకోండి. కింద దిగేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు మాత్రం వాళ్లని మెట్ల కిందకి తీసుకెళ్లి ఆ గీత చూపించండి బాబూ. కరెంటు మీటరు బోర్డు కూడా ఆ గీతకి పైకి మార్పించండి. నాకు చూపించినవాళ్లు లేరు. మామ్మగారు చెప్పారు గానీ, నేనే వినలేదు.