బ్లూట్ ఆవుస్ నోర్డ్ గిటార్ కరిగి కారుతున్నట్టు ఎలా వినిపిస్తుంది? నేను వాయిస్తే బురదే వస్తోంది

చీకటిశ్రుతి:
ఫ్రెంచ్ బ్లాక్ మెటల్ బ్యాండ్ బ్లూట్ ఆవుస్ నోర్డ్ 2003లో తెచ్చిన 'ద వర్క్ విచ్ ట్రాన్స్‌ఫార్మ్స్ గాడ్' ఆల్బమ్ గురించే అడుగుతున్నా. అందులో కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) మొదలైనప్పుడు ఒకలా ఉంటుంది, ఆగేలోపు శ్రుతి తప్పి కిందికి జారిపోతుంది. అయినా ఏ స్వరానికా స్వరం విడిగా తెలుస్తూనే ఉంటుంది. అది రావాలి.

నా సెటప్: ఫ్లోటింగ్ బ్రిడ్జ్ గిటార్ (స్ట్రింగ్స్ పట్టే బ్రిడ్జ్ స్ప్రింగ్స్ మీద తేలుతుంది), సి స్టాండర్డ్ ట్యూనింగ్ (అన్ని స్ట్రింగ్స్ మామూలు స్టాండర్డ్ కన్నా నాలుగు అర్ధస్వరాలు కిందికి), డిస్టార్షన్ (ధ్వనిని గరగరలాడించే ఎఫెక్ట్) గెయిన్, అంటే దాని మోతాదు, 8 దగ్గర, ఎడమ ఒక ట్రాక్, కుడి ఒక ట్రాక్. ఐదో స్ట్రింగ్ ఓపెన్, ఆరో స్ట్రింగ్ 6వ ఫ్రెట్ కలిపి కొడుతున్నా, అంటే పక్కపక్క అర్ధస్వరాలు. స్పీకర్లోంచి మోటారు ఇంజన్ చప్పుడు తప్ప సంగీతం రావట్లేదు. జారుడు కోసం పిచ్ షిఫ్టర్ పెడల్ పెడితే అది కీబోర్డ్ బెండ్‌లా నున్నగా ఉంది. డ్రమ్స్ ప్రోగ్రామ్ చేసినవే. ఎక్కడ తప్పుతోంది?

ఆరోతీగ:
రెండు వేర్వేరు తప్పులు జరుగుతున్నాయి, విడదీసి చూడండి. ముందు బురద సంగతి.

డిస్టార్షన్ అంటే ఉన్న స్వరాలను పెద్దవి చేయడమే కాదు, వాటి ఫ్రీక్వెన్సీల కూడికనూ తీసివేతనూ కొత్త స్వరాలుగా పుట్టిస్తుంది. సి ట్యూనింగ్‌లో మామూలు పవర్ కార్డ్ తీసుకోండి. ఆరో స్ట్రింగ్ ఓపెన్ 65.4 హెర్ట్జ్, దాని పంచమం 98. తేడా 32.6, అంటే మొదటి స్వరానికి దాదాపు ఒక స్థాయి కింద. అందుకే పవర్ కార్డ్ అంత గట్టిగా నిలబడుతుంది. ఇప్పుడు మీరు పట్టేది చూడండి: 87.3, 92.5. తేడా 5.2 హెర్ట్జ్. అది చెవికి స్వరం కాదు, సెకనుకు ఐదు అదుర్లు. మీకు ఇంజన్‌లా వినిపించేది అదే. గెయిన్ పెంచినకొద్దీ అసలు స్వరాలు మునుగుతాయి, అదురు మిగులుతుంది.

కాబట్టి అపస్వరాన్ని వదలొద్దు, దూరం జరపండి. స, శుద్ధ రిషభం పక్కపక్కన పెట్టకుండా రిషభాన్ని పై స్థాయికి ఎక్కించండి. స్టాండర్డ్ ట్యూనింగ్‌లో ఇలా:

ఆరో స్ట్రింగ్ ఓపెన్
ఐదో స్ట్రింగ్ మోగకూడదు
నాలుగో స్ట్రింగ్ 3వ ఫ్రెట్
మూడో స్ట్రింగ్ 4వ ఫ్రెట్

చూపుడు వేలు నాలుగో స్ట్రింగ్ మీద, దాని కొస ఐదో స్ట్రింగ్‌ను తాకుతూ ఉంటే అది మూగబోతుంది. మధ్య వేలు మూడో స్ట్రింగ్ మీద. దొరికేది మంద్ర స, పైన శుద్ధ రిషభం, దానిపైన పంచమం. రిషభం నుంచి పంచమానికి ఆరు అర్ధస్వరాలు, కాబట్టి కార్డ్ లోపలే ఇంకో కలహం ఉంది. ఆరో స్ట్రింగ్ 82.4 హెర్ట్జ్, దాని రెండో హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీలో మోగే ఉపస్వరం) 164.8, రిషభం 174.6. అదురు సెకనుకు దాదాపు పది. గరగర ఉంటుంది గానీ మూడు స్వరాలూ విడివిడిగా వినిపిస్తాయి.

ఆ రెండు వేళ్లనూ అదే ఆకారంలో ఒక ఫ్రెట్ పైకి, మళ్లీ కిందికి జరపండి. ఆరో స్ట్రింగ్ మాత్రం మోగుతూనే ఉండాలి. ఈ బ్యాండ్ వాసన అక్కడే తగులుతుంది.

గెయిన్ 8 ఎక్కువ, 4కి దించండి. మందం కావాలంటే గెయిన్‌తో కాదు, ట్రాకులతో తెచ్చుకోండి.

మంద్రస్థాయి:
ఆరోతీగ గారు చెప్పింది నిజం. దానికి ఒక పరీక్ష: అదే కార్డ్‌ను మూడు ట్రాకుల మీద ఒక్కో స్వరంగా వాయించి, ఒక్కోదానికీ విడిగా డిస్టార్షన్ పెట్టండి. స్వరాలు ఒకే డిస్టార్షన్ గుండా వెళ్లకపోతే ఆ కూడికలు తీసివేతలు పుట్టవు. కార్డ్ గాజులా తేటపడుతుంది. మొత్తం పాట ఇలా చేయొద్దు, ప్రాణం పోతుంది. కింద ఒక ట్రాక్ మామూలుగా వాయించి, విడదీసిన ట్రాకులను దానికింద 6 నుంచి 8 డెసిబెల్స్ తగ్గించి కలిపితే సరిపోతుంది.

ఇక జారుడు. పిచ్ షిఫ్టర్ ఎందుకు పనికిరాదంటే అది కార్డ్ మొత్తాన్ని ఒకే నిష్పత్తిలో దించుతుంది. స్వరాల మధ్య దూరాలు మారవు, అందుకే నున్నగా ఉంటుంది. వామ్మీ బార్ (బ్రిడ్జ్‌ను వంచి స్ట్రింగ్స్ వదులు చేసే కడ్డీ) నొక్కితే అలా జరగదు. అన్ని స్ట్రింగ్స్ ఒకేలా వదులైనా, మందం, లోపలి తీగ తేడాల వల్ల ఒక్కోటి ఒక్కో మేరకు దిగుతుంది. చుట్టు లేని మూడో స్ట్రింగ్ చాలా పడిపోతుంది, ఒకటో స్ట్రింగ్ అంత పడదు. అంటే కార్డ్ జారుతూనే తనతో తనే శ్రుతి తప్పుతోంది. కరిగినట్టు అనిపించేది ఈ అసమానత వల్లే. గమకాల్లో జారు తెలిసినవాళ్లకు ఇలా చెప్పొచ్చు: ముగ్గురు ఒకేసారి జారు పాడితే ముగ్గురూ వేర్వేరు చోట్ల ఆగినట్టు.

బార్ లోతుగా నొక్కొద్దు. అర్ధస్వరంలో సగం చాలు. కార్డ్ కొట్టిన వెంటనే కాదు, ఒక బీట్ నిలవనిచ్చి తర్వాత రెండు బీట్ల పాటు మెల్లగా దించండి. తిరిగి పైకి వచ్చేది వినపడకూడదు, అక్కడ తర్వాతి కార్డ్ పడాలి. కొత్తవాళ్లు ఇక్కడే చెడగొడతారు, బార్ వదిలేయగానే 'వ్యాం' అని సర్ఫ్ పాటలా అయిపోతుంది.

పదునైనచెవి:
ఎడమ, కుడి ట్రాకుల శ్రుతి విషయం ఎవరూ ముట్టుకోలేదు. ఎడమ గిటార్ సరైన శ్రుతిలో, కుడి గిటార్ 10 సెంట్లు కిందికి ట్యూన్ చేయండి. అర్ధస్వరానికి 100 సెంట్లు. 10 సెంట్ల తేడా ఆరో స్ట్రింగ్ ఓపెన్ దగ్గర రెండు సెకన్లకు ఒక అదురు, 12వ ఫ్రెట్ దగ్గర సెకనుకు ఒకటి, ఒకటో స్ట్రింగ్ దగ్గర రెండు. పైకి వెళ్లేకొద్దీ అలజడి దానంతటదే పెరుగుతుంది. 20 సెంట్లు దాటితే అది శైలి కాదు, ట్యూనర్ పాడైనట్టే.

ఒక జాగ్రత్త. రెండు ట్రాకులూ పూర్తిగా ఎడమ కుడి ఉంటే ఆ అదురు చాలామటుకు గదిలో, మీ తలలో కలుస్తుంది. మోనోలో (రెండూ ఒకే స్పీకర్లో) వింటే నేరుగా కలిసిపోయి వాల్యూమ్ ఊగుతుంది. మిక్స్‌ను మోనోలో పెట్టి ఒకసారి వినండి, ఊపు భరించలేనట్టుంటే 6 సెంట్లకు తగ్గించండి.

బేస్ గిటార్‌ను మాత్రం కదపకండి. గిటార్లు రెండూ తాగి తూలుతుంటే బేస్ ఒక్కటే నిటారుగా నిలబడాలి, లేకపోతే వినేవాడికి దేనికి అపస్వరమో తెలియదు. గిటార్ ట్రాకులకు 100 హెర్ట్జ్ కింద కోసేయండి, ఆ చోటు బేస్‌ది. రివర్బ్ (ప్రతిధ్వని) రిటర్న్‌కు 250 హెర్ట్జ్ కింద కోయండి, ప్రీ-డిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు విరామం) 60 నుంచి 80 మిల్లీసెకన్లు. ప్రీ-డిలే లేకుండా పెద్ద రివర్బ్ పెడితే పిక్ తగిలిన చప్పుడే పోతుంది.

డబుల్‌పెడల్:
డ్రమ్స్ ప్రోగ్రామ్ చేసినవే అన్నారు కాబట్టి 'హ్యూమనైజ్' బటన్ (దెబ్బలను కాస్త అటూ ఇటూ జరిపి మనిషి వాయించినట్టు చేసేది) నొక్కొద్దు. ఈ బ్యాండ్ ఆ ఆల్బమ్‌లోనూ, 2011లో '777 – సెక్ట్(స్)'తో మొదలై 2012లో 'కాస్మోసఫీ'తో ముగిసిన మూడు ఆల్బమ్‌లలోనూ డ్రమ్స్ యంత్రంలా ఉండటం లోపం కాదు, సగం బలం అదే. కదలని గోడ మీద కరిగే గిటార్. గోడ కూడా వణికితే ఏది కరుగుతోందో తెలియదు. మనిషి వాయించిన డ్రమ్స్‌తో తేడా చూడాలంటే 2014 'మెమోరియా వెటుస్టా 3' వినండి. అక్కడ థార్న్స్ అనే డ్రమ్మర్ ఉన్నాడు, గిటార్లు కూడా సూటిగా రాగబద్ధంగా ఉంటాయి. ఆ రెండూ కలిసి రావడం యాదృచ్ఛికం కాదని నా లెక్క.

బ్లాస్ట్ బీట్ (అతివేగంగా ఎడతెగకుండా కొట్టే డ్రమ్స్) ఎప్పుడూ పెట్టొద్దు. 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు), స్నేర్ మూడో బీట్ మీద మాత్రమే, అదీ 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా. ప్రతిసారీ అంతే ఆలస్యం, అటూ ఇటూ కాదు. గిటార్ ఫ్రేజ్ ఏడు 'ఎనిమిదో నోట్లు' (ఒక్కోటి అర బీట్), డ్రమ్స్ ఎనిమిది. రెండూ మళ్లీ ఒకేచోట మొదలయ్యేది 56 ఎనిమిదో నోట్ల తర్వాత, అంటే ఏడు బార్లకు (నాలుగేసి బీట్ల ఆవర్తాలకు). 90 బీపీఎంలో 18.7 సెకన్లు. వినేవాడికి లెక్క అందదు గానీ చక్రం తిరిగొచ్చిందని ఒళ్లు చెబుతుంది.

సింబల్‌కు ఒకే శాంపిల్ (రికార్డు చేసిన చప్పుడు) మళ్లీ మళ్లీ వాడితే మెషిన్ గన్‌లా వినిపిస్తుంది. కనీసం మూడు మార్చిమార్చి పెట్టండి. యంత్రంలా ఉండటం వేరు, చవకగా ఉండటం వేరు.

ఖాళీఫ్రెట్:
ఇంత గణితం ఎందుకండీ? డెత్‌స్పెల్ ఒమేగా కూడా ఫ్రెంచ్ వాళ్లే, ఇలాంటి కార్డ్‌లే. 2007 'ఫాస్' ఆల్బమ్ నేర్చుకుంటే ఇదంతా వచ్చేస్తుంది కదా.

ఆరోతీగ:
కార్డ్ ఆకారాలు వస్తాయి, ఈ ధ్వని రాదు. డెత్‌స్పెల్ ఒమేగా గిటార్లు కోసినట్టు ఉంటాయి: ప్రతి స్వరానికీ అంచు ఉంటుంది, మారడం చటుక్కున మారుతుంది, డ్రమ్స్ ఆ మలుపులను వెంటాడతాయి. అక్కడ అస్థిరత లయలో ఉంది. ఇక్కడ లయ స్థిరం, శ్రుతి అస్థిరం. ఆ చేత్తో ఈ పాట వాయిస్తే శుభ్రంగా ఉంటుంది, అదే సమస్య.

వేళ్లకు పని కావాలంటే ఇంకాస్త వెనక్కి, నార్వే వాళ్ల వేద్ బ్యూయెన్స్ ఎండె 1995 ఆల్బమ్ 'రిటెన్ ఇన్ వాటర్స్' పట్టుకోమంటాను. డిస్టార్షన్ అంతగా లేకుండానే వింత కార్డ్‌లు ఎలా నిలబడతాయో అందులో తెలుస్తుంది. పెడల్ ఆపేసి వాయించినా కార్డ్ వింతగా ఉంటే అది కార్డ్. పెడల్ పెడితేనే వింతగా ఉంటే అది పెడల్ పనితనం.

చీకటిశ్రుతి:
ఆ ఆకారం పనిచేసింది, గెయిన్ 4 దగ్గర మూడు స్వరాలూ తెలుస్తున్నాయి. రెండు చిక్కులు. సి నుంచి స్టాండర్డ్‌కు తెచ్చేసరికి బ్రిడ్జ్ వెనక భాగం పైకి లేచింది. ఇంకోటి, ట్రెమొలో పికింగ్ (స్ట్రింగ్‌ను ఆగకుండా వేగంగా మీటడం) చేస్తూ బార్ నొక్కాలంటే చెయ్యి ఖాళీ లేదు.

మంద్రస్థాయి:
బ్రిడ్జ్ లేవడం సహజం. స్ట్రింగ్స్ బిగువు పెరిగింది, వెనక స్ప్రింగ్స్ బలం అలాగే ఉంది. వెనక మూత తీస్తే స్ప్రింగ్స్ పట్టే రేకుకు రెండు స్క్రూలు ఉంటాయి. లాకింగ్ నట్ (మెడ కొసన స్ట్రింగ్స్‌ను బిగించి పట్టేది) ఉంటే ముందు దాన్ని వదులు చేయండి. రెండు స్క్రూలూ సమానంగా అర మలుపు బిగించి, ఆరు స్ట్రింగ్స్ మళ్లీ ట్యూన్ చేసి చూడండి. బ్రిడ్జ్ బాడీకి సమాంతరంగా వచ్చేదాకా ఇలాగే. ఒకేసారి మూడు మలుపులు తిప్పితే అటు పడిపోతుంది. స్క్రూ చివరిదాకా వెళ్లినా సరిపోకపోతే ఇంకో స్ప్రింగ్ తగిలించాలి. సి కోసం వేసిన లావు స్ట్రింగ్స్ అలాగే ఉంటే ముందు అవి మార్చండి, 10-52 సెట్ (స్ట్రింగ్స్ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) చాలు. ఆఖర్న నట్ బిగించండి.

చెయ్యి విషయానికి: బార్‌ను అరచేతి కిందికి తిప్పి చిటికెన వేలితో పట్టుకుంటే చిన్న జారుళ్లు వస్తాయి. నాకైతే దానికన్నా ఇది మేలనిపిస్తుంది: బార్ అసలు ముట్టుకోకండి. ఆరో స్ట్రింగ్ ఓపెన్ మోగుతుండగా మూడో స్ట్రింగ్‌ను ఎడమ చేత్తో పైకి బెండ్ చేయండి. బ్రిడ్జ్ తేలుతోంది కాబట్టి ఆ లాగుడుకు ముందుకు వంగుతుంది, మిగతా స్ట్రింగ్స్ అన్నీ వదులవుతాయి. పై స్వరం ఎక్కుతుంటే కింది స్వరం దానంతటదే దిగుతుంది. మామూలుగా ఫ్లోటింగ్ బ్రిడ్జ్ మీద అందరూ తిట్టుకునే జబ్బు ఇది. మీ పాటకు ఇదే కావాలి. కుడి చెయ్యి పికింగ్ ఆపాల్సిన పనే లేదు.