లెవెల్ 1 రట్టాటా ఎందుకు ఫెయిలవుతోంది?

ప్రశ్న: పోకెమాన్ సింగిల్స్‌లో (ఒకటితో ఒకటి పోరు) లెవెల్ 1 రట్టాటా, ఫోకస్ సాష్ (ఒక్క దెబ్బకు పోకుండా 1 హెచ్‌పీ, అంటే ప్రాణ పాయింటు, మిగిల్చే వస్తువు), ఎండీవర్ (అవతలిదాని హెచ్‌పీని తన హెచ్‌పీకి దించే దాడి), క్విక్ అటాక్ (ముందుగా తగిలే దాడి). ఎండీవర్ వేసేలోపే పోతోంది. లోపం ఎక్కడ?

జవాబు 1: చివర్లో దింపుతున్నారా? సాష్ పనిచేయాలంటే హెచ్‌పీ నిండుగా ఉండాలి. స్టెల్త్ రాక్ (దిగగానే గుచ్చుకునే రాళ్ల ఉచ్చు) ఒక్క పాయింటు గీకినా సాష్ దండగే. లీడ్‌గా (అన్నిటికంటే ముందు) దింపండి. దెబ్బ తిని 1 హెచ్‌పీతో మిగిలి, అదే టర్న్‌లో ఎండీవర్‌తో అవతలిదాన్నీ 1కి లాగాలి. తర్వాత క్విక్ అటాక్. రాక్ బ్లాస్ట్ లాంటి వరస దెబ్బలకు మాత్రం సాష్ ఆగదు.

జవాబు 2: నన్నడిగితే ఆరాన్ అనే పోకెమాన్ మేలు. స్టర్డీతో (హెచ్‌పీ నిండుగా ఉంటే ఒక్క దెబ్బకు పోనివ్వని సహజ శక్తి) 1 దగ్గర ఆగుతుంది, దాని చేతికిచ్చిన బెర్రీ జ్యూస్ 20 హెచ్‌పీ ఇస్తుంది. లెవెల్ 1కి అది ఫుల్లే, కాబట్టి స్టర్డీ మళ్లీ సిద్ధం! ఎండీవర్ తర్వాత మిగిలిన పని ఇసుక తుఫాను చూసుకుంటుంది: టర్న్‌కి 1/16, అంటే 300 హెచ్‌పీ ఉన్నదానికి 18. మోల్డ్ బ్రేకర్ (ఎదుటిదాని సహజ శక్తిని లెక్కచేయని శక్తి) ఉన్నది వస్తే స్టర్డీ లేనట్టే.

జవాబు 3: ఘోస్ట్ టైప్ వస్తే ఎండీవర్ అసలు తగలదు. ముందు దాన్ని వేరేవాటితో లేపేయండి.